సీజన్‌కో కొత్త బీరు అలవాటైపోయింది, విజయనగరంలో ఇప్పుడేం తాగాలి?

మూడులాంతర్లు
బెంగళూరులో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి, ఇప్పుడు వర్క్ ఫ్రం హోం మీద విజయనగరం వచ్చేశాను. ఇంటి తిండి, అమ్మానాన్న, అన్నీ బాగున్నాయి. ఒక్కటి మాత్రం లోటుగా ఉంది. అక్కడ శనివారం బ్రూపబ్‌కి (బీరు అక్కడే కాచి అమ్మే పబ్బుకి) వెళ్తే ఆ నెల బీరు ఏమిటో బోర్డు మీద రాసి ఉండేది. వేసవిలో మామిడి, వానాకాలంలో కాస్త ముదురు రంగు ఏల్, అక్టోబర్లో జర్మనీ వాళ్ళ మెర్జెన్, డిసెంబర్లో కాఫీ వేసిన స్టౌట్. ట్యాంకు ఖాళీ అయితే అంతే, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. ఆ ఎదురుచూపే నాకు ఇష్టం. ఇక్కడ షాపుకెళ్ళి "కొత్తగా ఏం వచ్చాయి" అంటే కౌంటర్లో అబ్బాయి "స్ట్రాంగా, లైటా?" అన్నాడు. లోకంలో రెండే రకాలు ఉన్నట్టు. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్ళు కొత్త రుచులు ఎలా వెతుక్కుంటున్నారు? మత్తు కోసం అడగడం లేదు, రుచి కోసం అడుగుతున్నాను.

గంటస్తంభం
ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు కదా. "కూలింగ్ కావాలా, వద్దా?"

కోటజంక్షన్_కుర్రోడు
దీనికింత టెన్షన్ ఎందుకన్నా. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నాలుగు బాటిళ్ళు నింపించుకుని రమ్మంటే సరి.

నాగావళి72
అలాంటి పని చెయ్యకు బాబూ. పక్క రాష్ట్రం సరుకు పర్మిట్ లేకుండా తెస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది. ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో ఒడిశా సరుకుతో దొరికిపోయినవాళ్ళ గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాం. కేసు సంగతి పక్కన పెట్టినా, ఆ బీరు ప్రయాణానికి ఆగదు. బ్రూపబ్ బీరుని చాలాచోట్ల వడకట్టరు, పాశ్చరైజ్ చెయ్యరు. అందులో దాన్ని పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. చల్లటి ట్యాంకులోంచి తీసి, పగలూ రాత్రీ స్లీపర్ బెర్త్ కింద పెట్టి తెస్తే, విజయనగరంలో దిగేసరికి దాని రుచే మారిపోతుంది. దాన్ని అక్కడే, ఆ వారంలోనే తాగాలి.

కోటజంక్షన్_కుర్రోడు
సరే బాబాయ్, తేను.

బొబ్బిలి_వీణ
నేనూ అక్కడ పనిచేసి వచ్చినదాన్నే కాబట్టి మీ బాధ అర్థమైంది మూడులాంతర్లు గారూ. బ్రాండు పేరు పట్టుకుని వెతకొద్దు. ముందు మీ నాలుకకి ఏది పడుతుందో చూసుకోండి. నేను ఎవరికైనా బీరు చెప్పాలంటే వాళ్ళు ఏం తింటారో అడుగుతాను. పంచదార లేకుండా చిక్కటి డికాషన్ తాగేవాళ్ళయితే స్టౌట్ చెప్తాను, దానికి మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్ని, నల్లబడేదాకా వేయిస్తారు కాబట్టి కాఫీ, మాడిన రొట్టె వాసనలు వాటంతట అవే వస్తాయి. కాకరకాయ వేపుడు అడిగి వేయించుకునేవాళ్ళకి ఐపీఏ, అది హాప్స్ అనే పూల చేదు ఎక్కువుండే బీరు. చేదంటే మొహం చిట్లించేవాళ్ళకి వీట్ బీరు.

వీట్ బీరుల్లోనే రెండు దారులున్నాయి. జర్మనీ రకంలో సగానికి తగ్గకుండా గోధుమ మాల్ట్ ఉంటుంది. అరటిపండు వాసన, లవంగం వాసన కొడుతుంది కానీ అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. రెండూ ఈస్ట్ చేసే పనే. బెల్జియం రకంలో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఆ రకం ఒకప్పుడు దాదాపు అంతరించిపోతే, హూగార్డెన్ అనే ఊళ్ళో పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ ఊరి పేరుతోనే మన దేశంలో సీసాలు దొరుకుతున్నాయి. మన షాపుల్లో లేబుల్ మీద "విట్" అనో "వీట్" అనో కనిపిస్తే ముందు అది తీసుకోండి, స్ట్రాంగ్ వైపు చూడకండి.

ఇంకో మాట, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగకండి. గడ్డకట్టేంత చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి ఏ వాసనా తెలియదు. పది నిమిషాలు బల్ల మీద ఉంచి, గ్లాసులో పోసి తాగండి. సీసా ఎత్తి తాగితే ముక్కుకి ఏమీ అందదు.

గంటస్తంభం
పది నిమిషాలు బల్ల మీదా! మే నెలలో విజయనగరంలో పది నిమిషాలుంచితే దాంతో టీ పెట్టుకోవచ్చు మేడం.

బొబ్బిలి_వీణ
మేలో మూడు నిమిషాలు చాలు లెండి 🙂

గరివిడి_మాంగనీస్
వీణ గారు చెప్పినవన్నీ సీసాలో సరుకు బాగుంటేనే. ముందు తయారీ తేదీ చూడండి. బీరు వైన్ లాంటిది కాదు, షాపుల్లో ఎక్కువగా దొరికే మామూలు లాగర్ రకం దాచుకున్నకొద్దీ పాడవుతుంది. వేడిలో పడి ఉంటే ఇంకా తొందరగా పోతుంది, తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మా వైపు ఒక షాపులో సీసాలన్నీ పడమటి కిటికీ పక్కన అద్దాల అలమారాలో పెట్టారు, సాయంత్రం ఎండంతా వాటి మీదే. పచ్చ సీసా ఒకటి కొని ఇంటికొచ్చి మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. హాప్స్‌లో చేదునిచ్చే పదార్థం మీద వెలుతురు పడితే అది విరిగి గంధకపు కంపు పుడుతుంది. పచ్చ సీసా, తెల్ల సీసా ఆ వెలుతుర్ని ఆపలేవు. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, క్యాన్‌లోకి అసలు వెలుతురే వెళ్ళదు. అందుకని ఒకే బీరు రెండు రకాలుగా ఉంటే క్యాన్ తీసుకోండి. సీసానే అయితే, ముందు వరసలోది కాదు, అట్టపెట్టెలోంచి తీసి ఇమ్మనండి.

నాగావళి72
మంచి మాట. షాపువాళ్ళు పాత స్టాకు ముందు పెట్టి కొత్తది వెనక పెడతారు, తేదీ చూసి అడిగే హక్కు మనకుంది.

మూడులాంతర్లు
2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు వచ్చాక రకాలు పెరిగాయని అందరూ అంటే ఆశతో వెళ్ళాను. పెరిగాయి, కాదనను. కానీ ఏడాది పొడుగునా అవే. పండ్ల బీరు ఎవరికైనా ఎక్కడైనా కనిపించిందా?

గంటస్తంభం
పండ్ల బీరంటే నాకు నమ్మకం లేదు. బెంగళూరులో మా మేనల్లుడు మామిడి బీరని తాగించాడు, మాజాలో సోడా పోసినట్టుంది. బీరు బీరులా ఉండాలి. చేదు ఉండాలి. లేత బంగారు రంగు పిల్స్‌నర్ ఒక్కటే నిఖార్సైనది నా లెక్కలో.

బొబ్బిలి_వీణ
మీరు తాగినదాంట్లో చివర్లో సిరప్ కలిపి ఉంటారు గంటస్తంభం గారూ. అసలు పండు గుజ్జు పులియబెట్టేటప్పుడు వేస్తే పండులో తీపి దాదాపుగా ఈస్ట్ తినేస్తుంది. వాసన మిగులుతుంది, తీపి మిగలదు. కాబట్టి మామిడి బీరు ముక్కుకి పండులా, నాలుకకి పొడిగా, కాస్త పుల్లగా ఉండాలి. తియ్యగా జిగురుగా ఉంటే సిరప్ పోశారన్నమాట. వెయిటర్‌ని "గుజ్జు ఎప్పుడు వేస్తారు" అని అడగండి. తెలిసినచోట చెప్తారు, లేకపోతే బ్రూవర్‌నే పిలుస్తారు. నేను అలా అడిగే చాలా నేర్చుకున్నాను.

గంటస్తంభం
అలాగైతే మళ్ళీ ఒకసారి చూస్తాను. పిల్స్‌నర్ మీద మాట మాత్రం మార్చుకోను. 1842లో చెక్ దేశపు పిల్‌సెన్‌లో పుట్టింది, ఇన్నేళ్ళయినా దాన్ని మించింది రాలేదు.

ఉద్దానం_జీడి
సువర్ణరేఖ మామిడితో ఎవరైనా బీరు చేస్తే ఎలా ఉంటుందో అని నాకు ఎప్పటినుంచో ఉంది. బయటి రాష్ట్రాల్లో అందరూ ఆల్ఫాన్సో అంటారు కానీ సువర్ణరేఖ వాసన ముందు అదెక్కడ. సీతంపేట అనాస, మా పనస, అరకు కాఫీ. చుట్టూ ఇన్ని పెట్టుకుని మనకి "స్ట్రాంగా, లైటా" ఏటి?

కోటజంక్షన్_కుర్రోడు
ఇంట్లో మనమే చేసేద్దామా? యూట్యూబ్‌లో చూశాను, పెద్ద కష్టమేం కాదు. మాల్ట్, హాప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

నాగావళి72
నీకు ప్రతిసారీ నేనే అడ్డం పడుతున్నాను, ఏమనుకోకు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. సొంతానికే అన్నా వినరు.

కోటజంక్షన్_కుర్రోడు
మీరు వకీలా బాబాయ్?

నాగావళి72
ఎక్సైజ్‌లో చేసి రిటైరయ్యాను.

కోటజంక్షన్_కుర్రోడు
🙏🙏

సీతంపేట_మాస్టారు
నిన్నటి నుంచి ఈ చర్చంతా చదువుతున్నాను. మూడులాంతర్లు గారు వెతికేది కాలాన్ని బట్టి మారేది, ఆ రోజుకి ఆ ఊళ్ళోనే తాగాల్సింది, చేతితో తయారైంది. అది ఇక్కడ లేదని ఎవరన్నారు? కల్లు సంగతి ఒక్కరూ ఎత్తలేదేమిటి?

చలికాలంలో ఈత, వేసవిలో తాడి, మా మన్యంలో జీలుగు, అదీ తాడి లాంటి చెట్టే. మూడింటికీ మూడు రుచులు. ఈత చెట్టుకి పూగెల కొయ్యరు, మొవ్వు కింద కాండం మీదే చెక్కుతారు. చలి ముదిరినకొద్దీ రసం తియ్యగా, తేటగా వస్తుంది. వరసగా రోజూ గియ్యరు, కొన్నాళ్ళు గీసి కొన్నాళ్ళు చెట్టుని వదిలేస్తారు. విశ్రాంతి తర్వాత మొదటి రోజు దిగే కల్లు అన్నిటికంటే మేలు, తెలిసినవాళ్ళు ఆ రోజు కనుక్కుని మరీ వస్తారు. తాడికి పూగెలని కట్టి, కొన కోసి, కుండ తగిలిస్తారు. మగ తాడికీ ఆడ తాడికీ గీసే పద్ధతి వేరు, అదంతా గీసేవాళ్ళ చేతి విద్య.

జీలుగుది ఇంకో కథ. అది పదేళ్ళు దాటాక గాని పూతకి రాదు. వచ్చాక పై నుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వస్తుంది. అడుగు గెల అయిపోతే చెట్టే చచ్చిపోతుంది. అందుకని ఇక్కడ సవర ఊళ్ళలో పూతకొచ్చిన జీలుగు చెట్టు ఇంట్లో ఉంటే దాన్ని ఎంత జాగ్రత్తగా చూస్తారో నేను చూశాను. నిచ్చెనగా కట్టిన వెదురు బొంగు, పైన కుండ, కుండ మూతికి ఆకులు చుట్టి. తెల్లవారి దింపి డొప్పలో పోసి ఇస్తే పైన సన్నటి తెల్ల నురగ తేలుతుంది, కొబ్బరినీళ్ళ వాసన మొదట వస్తుంది, మింగాక చివర్లో చిన్న పులుపు. అదే కుండ మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులిసిపోతుంది. ఒక్క రోజులో మూడు రుచులు.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, చివరి పేరా చదువుతుంటే నోరూరింది.

చంపావతి_ఒడ్డు
కల్లు బాగానే ఉంటుంది కానీ కలిపిందా, అచ్చమైనదా అన్న భయం మాటేమిటి? తెలంగాణలో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటివి కలిపి జనాన్ని ఆస్పత్రుల పాలు చేసిన వార్తలు ఎన్ని చూశాం. బీరు సీసా మీద కనీసం తేదీ, శాతం రాసి ఉంటాయి.

సీతంపేట_మాస్టారు
భయం న్యాయమైనదే. అందుకే చెట్టు కింద తాగాలి. దుకాణంలో, రోడ్డు పక్క ప్లాస్టిక్ బాటిళ్ళలో కొనొద్దు. చెట్టుకీ దుకాణానికీ మధ్య ఎన్ని చేతులు మారితే అంత అనుమానం. ఎండాకాలం కాని రోజుల్లో కూడా తాటికల్లు కావలసినంత దొరుకుతోందంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించండి. నీళ్ళూ పంచదారా మత్తుమందూ తప్ప ఇంకేం కాదు. కుండ దింపడం కళ్ళారా చూసి తాగితే ఆ గొడవ లేదు.

మైక్రోస్కోప్_ఆమదాలవలస
మాస్టారి పోస్టుకి నా వంతు. మైక్రోబయాలజీ చదివాను కాబట్టి ఈ విషయం వస్తే ఊరుకోలేను. కల్లులో ఎవరూ ఈస్ట్ వెయ్యరు. గాలిలో, పూగెల మీద, పాత కుండ గోడల్లో ఉన్న సహజమైన ఈస్ట్, దానితోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, ఇవి చెట్టు మీద ఉండగానే పని మొదలుపెడతాయి. రసంలో పంచదార 10 శాతం పైనే ఉంటుంది, ఒక రోజులో ఆల్కహాల్ సుమారు 4, 5 శాతానికి వస్తుంది, అంటే దాదాపు లైట్ బీరంత. ఆ తర్వాత ఎసిటిక్ బ్యాక్టీరియా వచ్చి వెనిగర్ చేస్తాయి. కుండ లోపల సున్నం పూస్తే ఇదంతా ఆగిపోతుంది, అదే నీరా.

ఇప్పుడు అసలు సంగతి. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు. కాచిన మాల్ట్ రసాన్ని వెడల్పాటి రాగి తొట్టెలో పోసి, కిటికీలు తెరిచి రాత్రంతా వదిలేస్తారు. ఆ చుట్టుపక్కల గాలిలో ఉన్న ఈస్టే దిగి పులియబెట్టాలి, విడిగా ఏమీ కలపరు. వేసవిలో చెడ్డ క్రిములు ఎక్కువ కాబట్టి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు. ఆ తర్వాత చెక్క పీపాల్లో నెలలు, ఏళ్ళు. ప్రపంచంలో బీరు ప్రియులు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి తాగుతారు. మన ఈత కల్లుకీ దానికీ మూలసూత్రం ఒకటే. చెట్టు కింద కూచుని తాగేవాడికి ఆ విలువ తెలియాలి, అందుకే ఇంత రాశాను.

మూడులాంతర్లు
మైక్రోస్కోప్ గారూ, ఇది నాకు కొత్త సంగతి. బెంగళూరులో సోర్ బీరు, గోజా అని ఉప్పూ ధనియాలూ వేసింది తాగి ఇష్టపడ్డాను. అయితే కల్లు నాకు పడుతుందన్నమాట.

మైక్రోస్కోప్_ఆమదాలవలస
తప్పకుండా. పులుపు నచ్చినవాళ్ళకి కల్లు నచ్చుతుంది. కల్లు నచ్చినవాళ్ళని బెంగళూరు తీసుకెళ్తే ముందు సోర్ ఇప్పించండి, ఐపీఏ కాదు.

గంటస్తంభం
బీరు థ్రెడ్‌లో కల్లు కుండలు దించేశారు.

ఉద్దానం_జీడి
దించనీ అన్నా, బాగుంది. నాదో బాధ కూడా వినండి. మార్చి నుంచి మే దాకా మా తోటల్లో జీడిపళ్ళు నేలపాలవుతాయి. గింజ తీసుకుని పండు పారేస్తాం. గోవాలో అదే పండు రసం పిండి ఫెని అనే మద్యం చేస్తారు, 2009లో జీఐ గుర్తింపు (అది ఆ ప్రాంతపు సరుకే అన్న ముద్ర) కూడా తెచ్చుకున్నారు. మా దగ్గర అది చేస్తే సారా కేసు. చట్టం ప్రకారం, శుభ్రంగా, లైసెన్సు పద్ధతిలో రైతు సంఘాలకి ఇవ్వొచ్చు కదా. తిత్లీ తుపాను 2018లో తోటలు ఊడ్చేశాక మళ్ళీ మొక్కలు నాటుకుని నిలబడ్డవాళ్ళం మేము, పండు మీద కూడా నాలుగు డబ్బులు వస్తే ఎంత ఆసరా.

నాగావళి72
ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. అక్కడ అది పద్ధతి ప్రకారం లైసెన్సుతో నడుస్తోంది. ఇక్కడ చేయకూడదని ఏమీ లేదు, నిబంధనలు రావాలి అంతే.

చీపురుపల్లి_టీచర్
ఇదంతా చదువుతుంటే తాగడాన్ని మెచ్చుకుంటున్నట్టుంది. మా స్కూల్లో పిల్లల ఇళ్ళలో తాగుడు వల్ల ఏం జరుగుతోందో నేను రోజూ చూస్తున్నాను. రుచి, వాసన అని రాసేవాళ్ళు అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

బొబ్బిలి_వీణ
టీచర్ గారూ, మీ మాట నిజం. నేను చెప్పే పద్ధతిలో ఒకటి రెండు గ్లాసులకి మించదు, బండి నడపను, 21 నిండనివాళ్ళకి ఎవరికీ చెప్పను. "ఎంత ఎక్కుతుంది" అని కొనేవాళ్ళు "ఎలా ఉంది" అని అడగడం మొదలుపెడితే తాగడం తగ్గుతుందని నా నమ్మకం. 8 శాతం స్ట్రాంగ్ మూడు సీసాలకీ, 5 శాతం వీట్ ఒక గ్లాసుకీ చాలా తేడా ఉంది.

చీపురుపల్లి_టీచర్
ఒక గ్లాసుతో ఆగేవాళ్ళతో నాకు గొడవ లేదమ్మా. ఆగనివాళ్ళ గురించే నా బెంగ.

తోటపల్లి_గట్టు
తినేదాని గురించి ఎవరూ రాయలేదేం? వీట్ బీరుకి నెత్తళ్ళ వేపుడు. మైదా ముంచినవి కాదు, ఉప్పూ కారం పసుపూ పట్టించి కరకరలాడేలా వేయించినవి. ఐపీఏకి కారం పెట్టొద్దు, చేదు కారాన్ని పెంచుతుంది, నోరు మండిపోతుంది. దానికి పలాస జీడిపప్పు నేతిలో వేయించి ఉప్పు చల్లితే చాలు. ఈత కల్లుకి ఉలవ గుగ్గిళ్ళు.

గరివిడి_మాంగనీస్
గుగ్గిళ్ళ మాట నిజం. ఇంకేమీ పనికిరాదు.

గంటస్తంభం
పిల్స్‌నర్‌కి?

తోటపల్లి_గట్టు
మీ పిల్స్‌నర్‌కి ఏదైనా పడుతుంది, అదే దాని గొప్ప. మురీ మిక్చర్ కూడా.

మూడులాంతర్లు
అక్టోబర్లో ఆఫీసు మీటింగు ఉంది, బెంగళూరు వెళ్ళాలి. మెర్జెన్ ఆ రోజుల్లోనే వస్తుంది. ఇంతకీ అది అక్టోబర్ బీరు ఎందుకైందో ఎవరికైనా తెలుసా? అక్కడ అడిగితే జర్మనీలో జరిగే అక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవం కోసం అన్నారు.

మైక్రోస్కోప్_ఆమదాలవలస
ఉత్సవం 1810లో మొదలైంది, బీరు అంతకు చాలా ముందుది. బవేరియాలో 1553 శాసనం ప్రకారం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదు. వేసవి వేడికి పాడవుతుందని, బట్టీ మంటల వల్ల అగ్ని ప్రమాదాలని. అందుకని మార్చిలో కాస్త గట్టిగా కాచి, మంచు నింపిన నేలమాళిగల్లో దాచి, మిగిలినదాన్ని మళ్ళీ బీరు కాచే కాలం వచ్చేసరికి తాగేసేవారు. ఫ్రిజ్‌లు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మిగిలింది.

బొబ్బిలి_వీణ
వెళ్తే టేస్టింగ్ ట్రే తీసుకోండి, చిన్న గ్లాసుల్లో అన్నీ ఇస్తారు. లేత రంగు నుంచి నలుపు వైపు తాగుతూ రండి, ఐపీఏ చివర్లో. ముందే తాగితే ఆ చేదు మిగతావాటి రుచి తెలియనివ్వదు. ఇందిరానగర్‌లో టాయిట్ 2010 నుంచి ఉంది, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను అదే చెప్తాను. హైదరాబాద్ దగ్గరనుకుంటే అక్కడా 2015 తర్వాత చాలా వచ్చాయి, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్.

ఉద్దానం_జీడి
మీటింగు సిరిమాను వారంలో పడకుండా చూసుకోండి అన్నా.

మూడులాంతర్లు
పడితే మీటింగే వాయిదా. పైడితల్లమ్మ పండక్కి ఊళ్ళో లేకుండా ఎలా ఉంటాను. మాస్టారూ, ఈత కల్లుకి మీ వైపు ఎప్పుడు రమ్మంటారు? వీణ గారు, మైక్రోస్కోప్ గారు కూడా వస్తామంటున్నారు.

సీతంపేట_మాస్టారు
కార్తీకం దాటనివ్వండి, చలి ముదరాలి. డిసెంబర్ రెండో వారం తర్వాత ఎప్పుడైనా సరే. బయల్దేరే ముందు రోజు మెసేజ్ పెట్టండి, ఏ చెట్టు ఎప్పుడు విశ్రాంతి నుంచి లేస్తోందో గీసేవాళ్ళని కనుక్కుని చెప్తాను. తెల్లవారి ఆరింటికల్లా ఇక్కడుండాలి, ఎండెక్కితే మీరు వెతికే రుచి ఉండదు. కారు నడిపే మనిషి తాగనివాడై ఉండాలి, ఘాట్ రోడ్డు. ఇంటికి పట్టుకెళ్దామనుకుంటే స్టీలు క్యాన్ తెచ్చుకోండి, మూత మాత్రం బిగించొద్దు. దారిలో కూడా పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ పట్టి కారంతా కల్లే అవుతుంది.